గేటు దాటిన నీడ

రెండో బ్లాకు ముందు జిప్పులత్త కుట్టుమిషను పెట్టుకునే చోట నీడ ఉంది. చెట్టు లేదు. చెట్టుని తొమ్మిదేళ్ళ కిందట నీళ్ళ పైపు వేసేటప్పుడు కొట్టేసి, వేళ్ళతో సహా పెకలించి లారీకెత్తారు. నీడని ఎత్తాలని ఎవరికీ తోచలేదు. అది అక్కడే ఉండిపోయింది.

ఆకులు రాలే కాలంలో ఆ నీడ పలచబడేది. చిగుళ్ళ వేళకి మళ్ళీ చిక్కబడేది. అప్పుడప్పుడూ అందులో ఓ పిట్ట నీడ వాలి, తోకాడించి ఎగిరిపోయేది. ఊడ్చే అతను మాత్రం "ఎంత ఊడ్చినా ఈ ఆకుల నీడలు చీపురుకి రావు" అని విసుక్కునేవాడు. అంతకు మించి దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. నీళ్ళు ఏడింటికొస్తాయి, లిఫ్టు మూడో అంతస్తులో ఇరుక్కుంటుంది, రెండో బ్లాకు ముందు నీడ ఉంటుంది. అంతే.

జిప్పులత్త రెండు బస్సులు మారి తొమ్మిదింటికల్లా వచ్చేది. మిషను మీది గుడ్డ దులిపి, నూనె రెండు చుక్కలు వేసి, తొక్కడం మొదలుపెట్టేది. నోరు తెరుచుకున్న బడిసంచులు, పొట్టయిన పంట్లాములు, మూతపడనని మొరాయించే జిప్పులు. ఇరవై రెండేళ్ళుగా ఇదే. ఆమెకి ఎండ పడదు. ఎండలో కూర్చుంటే కళ్ళు ధారగా కారిపోతాయి, సూది బెజ్జం ఒకటి రెండవుతుంది. ఆ నీడ ఉంటేనే పని. పని ఉంటేనే ఇంట్లో పొయ్యి.

పదింటికి మొదటంతస్తు మామ్మ మంచినీళ్ళ సీసాతో దిగేది.

"ఇటివ్వవే, దారం నేనెక్కిస్తా."

"మీకు నేనే సరిగ్గా ఆనను మామ్మగారూ, బెజ్జం ఆనుతుందా?"

"నువ్వు ఆనకపోతే వచ్చిన నష్టం లేదులే. రోజూ చూసే మొహమేగా."

ఇలా నడుస్తుండగా ఒకరోజు లిఫ్టులో కాగితం అంటించారు. కాలనీలో పచ్చదనం పెంచుతారట, ఏది ఎక్కడుండాలో ఇక్కడుండేవాళ్ళే చెప్పాలట. ఉద్యానవన శాఖ నుంచి ఓ అమ్మాయి వచ్చింది. తలమీద పెద్ద టోపీ, గోళ్ళ కింద మట్టి. వచ్చిన గంటకే ఆమెకి మొక్కల మేడమ్ అని పేరుపడిపోయింది.

"మా ఆఫీసు ఏదీ నిర్ణయించదండీ," అంది మేడమ్. "ఇంటికో జెండా ఇస్తాం. పచ్చదనం ఎక్కడ కావాలో అక్కడ మీరే పాతండి."

కాలనీ సంఘానికి అధ్యక్షుడు లెక్కల మాస్టారు. ఉద్యోగం మానేసినా గీత గీసినట్టు బతకడం మానలేదు. ఆయన గుడ్డ తెప్పించి జిప్పులత్తకే ఇచ్చారు. అరవై నాలుగు ఇళ్ళకి అరవై నాలుగు జెండాలు. గాలికి చివర్లు పీచులేవకుండా ఆమె రెండేసి వరసలు కుట్టింది.

మేడమ్ తెచ్చిన పటం ఆకాశంలోంచి తీసింది. అందులో రెండో బ్లాకు ముందు గుండ్రంగా, నల్లగా పెద్ద మచ్చ. పక్కన 'పెద్ద చెట్టు, తాకరాదు' అని రాసుంది. అది చదివి జిప్పులత్త మనసు తేలికపడింది. చుట్టూ ఏం మార్చినా తన చోటు జోలికి రారన్నమాట.

మేడమ్ కాండం చుట్టుకొలత తీద్దామని టేపు పట్టుకుని నీడలో రెండుసార్లు తిరిగింది.

"చెట్టేదండీ?"

"చెట్టు లేదమ్మా. నీడే," అంది జిప్పులత్త.

"ఓహో, నీడా," అని మేడమ్ పటం మీది అక్షరాలు కొట్టేసింది. "చెట్టుకయితే రూలుంది. నీడకి లేదండీ."

ఆదివారం అందరూ జెండాలతో దిగారు. ఎవరికి వారు, తమకి కూర్చోబుద్ధయ్యే చోటేదా అని ఆలోచించుకున్నారు. ఆలోచించి తిన్నగా వచ్చి నీడలో పాతారు. పిల్లలు పాతుతుంటే జిప్పులత్త కాళ్ళు పైకెత్తి చోటిచ్చింది. చూస్తూండగా మిషను చుట్టూ యాభై జెండాలు రెపరెపలాడాయి.

మాస్టారు లెక్కపెట్టి గొంతు సవరించుకున్నారు. "అభిప్రాయం స్పష్టంగా ఉంది. పచ్చిక ఇక్కడే వేస్తాం. చుట్టూ కంచె. లోపలికి కుర్చీలు, బళ్ళు, మిషన్లు రాకూడదు."

"మరి నేనెక్కడ కూర్చోను మాస్టారూ?"

మాస్టారు కాలరు తడుముకున్నారు. ఆయన తొడుక్కున్న చొక్కా కాలరు తిరగేసి కుట్టింది ఆవిడే. "ఏమీ అనుకోకమ్మా. ఫారంలో ఫ్లాటు నంబరు అడుగుతారు. నీకు నంబరు లేదుగా."

జిప్పులత్త చుట్టూ చూసింది. అందరూ తాము పాతిన జెండాల వైపు చూసుకున్నారు. ఆవిణ్ణి లేపెయ్యాలని ఒక్కరూ అనుకోలేదు. ఇష్టమైన చోట జెండా పాతారు, అంతే. కానీ ఇప్పుడు తీస్తామని కూడా ఎవరూ నోరు మెదపలేదు. మామ్మ ఏదో అనబోతే కోడలు చెయ్యి నొక్కింది.

సాయంత్రం ఆవిడ మిషను మడిచి చక్రాల పలక మీదికెక్కించి, దారపుండల డబ్బా చంకలో పెట్టుకుని గేటు దాకా తోసుకెళ్ళింది. వాచ్‌మన్ అడ్డకర్ర ఎత్తాడు. ఆవిడ దాటింది. అతను కర్ర దించలేదు.

"దించవేం బాబూ? ఇంకెవరైనా వస్తున్నారా?"

"నీడ వస్తోందత్తా. కొమ్మలింకా లోపలే ఉన్నాయి."

వెనక్కి తిరిగి చూసింది. నీడ జెండాల మీదుగా పాక్కుంటూ వచ్చి, లావుపాటి మనిషి బస్సు తలుపులోంచి పక్కకి తిరిగి దిగినట్టు, గేటులోంచి ఒదిగి ఒదిగి బయటికొస్తోంది. చిట్టచివర ఓ పిట్ట నీడ గెంతుకుంటూ దాటింది. అప్పుడు వాచ్‌మన్ కర్ర దించాడు.

గోడకీ రోడ్డుకీ మధ్య కంకర, పగిలిన పైపు ముక్కలు పడున్న పీలిక లాంటి జాగా ఒకటుంది. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి అక్కడ ఆగింది. నీడ కూడా ఆగి, కాస్త కదిలి సర్దుకుని పరుచుకుంది.

"ఇక్కడంటావా? సరే," అంది జిప్పులత్త.

మర్నాడు తొమ్మిదింటికి అక్కడే మిషను విప్పింది.

లోపల పచ్చిక పరిచారు, కంచె కట్టారు. ఏ రోజు ఎవరు నీళ్ళు పొయ్యాలో మాస్టారు పట్టిక రాసి లిఫ్టులో అంటించారు. మొదటిరోజు ఒకరొచ్చారు. రెండోరోజు ఆ మాడుపగిలే ఎండలోకి ఎవరు దిగుతారు? వారానికి పచ్చిక గోనెసంచి రంగుకొచ్చింది.

బయట మాత్రం మామ్మ ముక్కాలిపీట మోసుకుంటూ గేటు దాటింది. "కాళ్ళు నొప్పులే అమ్మాయ్, కానీ ఆ ఎండలో ఒక్కదాన్నీ ఎవరితో పోట్లాడను?" ఆమె వెనకే చదువుకునే పిల్లలొచ్చారు, జిప్పు బాగున్నవాళ్ళు కూడా జిప్పు వంకతో వచ్చారు. కూర్చోవడానికి గుచ్చుకుంటున్నాయని ఎవరో పైపు ముక్కలు ఏరారు. ఎవరో కూరగాయల తొక్కలు తెచ్చి మట్టిలో కలిపారు. రంగుడబ్బాలో పెరిగిన మొక్కనొకదాన్ని ఇంట్లో ఇరుకని ఇక్కడ దించారు. మొక్కలు నాటుదామని ఒక్కరూ అనలేదు. ఊరికే కూర్చుంటే చేతులు ఊరుకోలేదు.

మూడోవారం మొక్కల మేడమ్ వచ్చి ఎండిన పచ్చిక ముందు నిలబడింది. "అందరూ ఏరీ?"

వాచ్‌మన్ గేటు బయటికి చూపించాడు.

అక్కడ నలభై మందికి తక్కువ లేరు. అందరి చేతులూ మట్టే. మాస్టారయితే దారం కట్టి, వరస వంకర పోకుండా గుంటలు తీస్తున్నారు. ఆ దారం జిప్పులత్తదే. మేడమ్‌ని చూసి గతుక్కుమన్నారు.

"ఇది కాలనీ స్థలం కాదండీ, తెలుసు. ఏదో కాస్త నీడపట్టున..."

"గోడ ఇవతలంతా మా శాఖదేనండీ. కావాలంటే పనంతా ఇక్కడికే మారుస్తాను. కానీ ఫారంలో బాధ్యత ఎవరిదో రాయాలి. రోడ్డు పక్క జాగాకి ఫ్లాటు నంబరు అడగరు. రోజూ ఉండే మనిషి కావాలి."

మిషను చప్పుడు ఆగిపోయింది. అందరి మొహాలూ అటే తిరిగాయి. మాస్టారు చేతులు దులుపుకుని కలం తీసుకుని ఆవిడ దగ్గరికొచ్చారు. కలం కాగితం మీద పెట్టి, అలాగే ఉండిపోయారు.

"అమ్మా... నీ పేరేమిటి?"

ఇరవై రెండేళ్ళలో అదెవరూ అడగలేదు. ఆవిడ మెల్లగా చెప్పింది. మాస్టారు గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు.

"ఇంత చక్కటి పేరు పెట్టుకుని ఇన్నాళ్ళూ జిప్పులత్తా అనిపించుకున్నావటే!" అని మామ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ముందు ఒక చెట్టు నాటాలి," అంది మేడమ్. "ఏం చెట్టు కావాలండీ మీకు?"

ఆవిడ నీడకేసి చూసింది. "చెట్ల పేర్లు నాకు రావమ్మా. కింద కూర్చునేదాన్నిగా, తలెత్తి చూసిందెప్పుడు? ఆకయితే ఇలా ఉంటుంది," అని పాతగుడ్డ నేలమీద పరిచి, దానిమీద పడ్డ ఆకు నీడ చుట్టూ సుద్దతో గీసింది. మేడమ్ ఆ గుడ్డ మడిచి టోపీలో పెట్టుకుని వెళ్ళి, వారం తిరక్కుండా అదే జాతి మొక్క తెచ్చింది.

జానెడు మొక్క. నాటి నీళ్ళు పొయ్యగానే నీడ అరడుగు జరిగి, మొదలు సరిగ్గా మొక్క పాదులో ఆనించుకుని కుదురుకుంది. మొక్క జానెడు, నీడ మూడు గదులంత. గట్టు కట్టడానికొచ్చిన మేస్త్రీ ఇటుకలు చేతపట్టుకుని తల గోక్కున్నాడు.

"మొక్కకి ఎంత ఎడంగా కట్టమంటారు? మూరెడు చాలా?"

"మూరెడా!" అంది జిప్పులత్త. "పెరిగే పిల్లకి కుట్టేటప్పుడు లోపల మడత వదలమూ?"

"ఎంత వదలమంటావమ్మా?"

ఆవిడ టేపు ఒక కొస మామ్మ చేతికిచ్చి మొక్క దగ్గర పట్టుకోమంది. రెండో కొస పట్టుకుని నడిచింది. మిషను దాటింది, ముక్కాలిపీట దాటింది, నీడ అంచుకొచ్చి ఆగింది.

"ఇంత."

మేస్త్రీ మాస్టారి వైపు చూశాడు.

"నన్నేం చూస్తావు?" అన్నారు మాస్టారు. "ఆవిడ చెప్పింది కదా."

మేస్త్రీ నీడ అంచున వంగి, తొలి ఇటుక మిషనుకి అవతల పెట్టాడు.