జేబులో ఏముందో చెప్తేనే

బీచిలో మైకు మావయ్య గది ఎంత చిన్నదంటే, ఆయన లోపల ఆవులించాలంటే ముందు కిటికీ తెరవాలి. ఓ కుర్చీ, ఓ బల్ల, బల్ల మీద మెడ వంచుకుని నిలబడ్డ మైకు, గది నెత్తిన నాలుగు దిక్కులకీ నోళ్ళు తెరుచుకున్న స్పీకర్లు. బయట గోడకి ఆనించి ఓ పొడుగాటి బెంచీ. తప్పిపోయిన పిల్లలు ఆ బెంచీ మీద కూర్చుని ఏడవాలి. తప్పిపోయిన పెద్దవాళ్ళు అదే బెంచీ మీద కూర్చుని ఏడవనట్టు నటించాలి.

ఆయన గొంతు మామూలు గొంతు కాదు. ఓసారి "ఎర్ర గౌను పాపా, మీ అమ్మ ఇక్కడుంది" అని పిలిస్తే, సముద్రానికి అవతలి ఒడ్డున ఏదో దేశంలో ఎర్ర గౌను పాప ఒకతి నిద్రలోంచి లేచి చెప్పులేసుకుందట. పక్కనే గాలి తుపాకీతో బెలూన్లు కొట్టించే బెలూనక్క ఈ మాట ఒట్టేసి మరీ చెప్తుంది. చెప్పులు ఏ రంగువో కూడా చెప్తుంది.

మావయ్య పనికి రెండు నియమాలు. ఒకటి, తప్పిపోయినవాళ్ళ పేరు మైకులో చెప్పకూడదు. పేరు బయటపెడితే దారిన పోయే ప్రతి వెధవా ఆ పేరుతో బుజ్జగించి పిల్లని చంకనేసుకుని పోతాడు. అందుకని బట్టలూ గుర్తులే చెప్పాలి. "నీలం నిక్కరు, మోకాలికి దెబ్బ, ముక్కు కారుతోంది, కారట్లేదని బాబు వాదిస్తున్నాడు." రెండోది, ఎవరొచ్చి మావాడే అన్నా, వాడి జేబులో ఏముందో చెప్తేనే అప్పగించాలి. మొహం ఎవరైనా చూస్తారు. జేబులో సంగతి సొంతవాళ్ళకే తెలుస్తుంది.

ఓ తండ్రి ఛాతీ విరుచుకుని, "రుమాలుంటుందండీ. చాలా పద్ధతైన పిల్లాడు" అన్నాడు. పద్ధతైన పిల్లాడి జేబులోంచి పీత బయటికొచ్చి తండ్రి వేలు పట్టుకుంది. మావయ్య పిల్లాణ్ణి ఇవ్వనన్నాడు. చివరికి అమ్మమ్మ వచ్చింది. ఆవిడ అల్లంత దూరం నుంచే "ఒరేయ్, ఆ పీతని పారేశావా లేదా?" అని అరుచుకుంటూ వచ్చింది. ప్రశ్న అడక్కుండానే ఇచ్చేశాడు.

ఇదంతా అప్పటి మాట.

ఇప్పుడు ఎవరూ తప్పిపోవడం లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మావయ్య కిటికీలోంచి జనాన్ని చూస్తూ కూర్చుంటాడు. ఒకప్పుడు జనం చాపలూ దుప్పట్లూ ముసలమ్మల్నీ మోసుకుని, ఊరు ఖాళీ చేసి పారిపోతున్నట్టు వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఒక్కొక్కళ్ళే వస్తున్నారు. వచ్చి సముద్రానికి వీపు పెట్టి, చెయ్యి చాపి ఫోటో తీసుకుని, అది బాగా రాలేదని ఇంకోటి తీసుకుని వెళ్ళిపోతున్నారు. ప్రపంచంలో అన్ని వీపులు చూసిన సముద్రం ఇంకోటి ఉండదు. వలలు బాగుచేసే షెడ్డు పోయి కాఫీ షాపు వచ్చింది. అందానికి లోపల గోడకో పాత వల తగిలించారు. దానికి ఏనుగు పట్టేంత చిల్లు. కుట్టడానికి మనిషి లేడు.

మొన్నామధ్య ఓ చిన్నది బెంచీ దగ్గర ఒంటరిగా నిలబడింది. మావయ్యకి ప్రాణం లేచొచ్చింది. గొంతు సవరించుకుని మైకు మీట మీద వేలు పెట్టాడు. అంతలో పిల్ల చేతి గడియారం మాట్లాడింది. "బంగారం, కదలకు. నువ్వెక్కడున్నావో కనిపిస్తోంది. నీ వెనకాలే వస్తున్నా." అమ్మ వచ్చింది, పిల్లని తీసుకుంది, వెళ్ళింది.

"జేబులో ఏముందో చెప్పలేదు!" అని మావయ్య కిటికీలోంచి అరిచాడు.

పిల్ల వెనక్కి తిరిగి, "గౌనుకి జేబు లేదు తాతా" అంది. మావయ్యకి రెండు దెబ్బలూ ఒకేసారి తగిలాయి. తాత అన్నది కొంచెం గట్టిగా తగిలింది.

ఇంటికెళ్తే ఆయన గొంతుకి అసలు పనే ఉండదు. రెండు వీధుల వెనక, మేడ మీద ఒంటరి గది. ఇంటివాడు ఫోనుకి మెసేజీ పెడతాడు, ఈయన బొటనవేలు గుర్తు పెడతాడు. పాలు తలుపు గొళ్ళానికి వేలాడతాయి. ఉన్నవాళ్ళలో కారే కుళాయి ఒక్కటే కబుర్లు చెప్పేది, అది కూడా ఒకటే మాట. చొక్కా బొత్తాం ఊడితే తీసి జేబులో వేసుకున్నాడు. రేపు కుట్టుకుందాం అనుకున్నాడు. ఆ రేపు ఎన్ని రేపులయ్యిందో బొత్తానికే తెలియాలి. ఊరందరి జేబుల్లో ఏముందో ఆయనకి తెలుసు. ఆయన జేబులో ఏముందో చెప్పగల మనిషి ఊళ్ళో లేడు. ఈ విషయం ఒకసారి ఆలోచించాడు. బాగాలేదని మళ్ళీ ఆలోచించలేదు.

అలాంటి రోజుల్లో బీచి ఆఫీసు నుంచి ఆఫీసమ్మ వచ్చింది. చిన్న వయసు, మెత్తని మనిషి. చెడ్డ మాట చెప్పాల్సొస్తే ముందు నీళ్ళు తాగే రకం. ఆ రోజు సీసా సగం తాగింది.

"అంకుల్, నెలాఖరుకి ఈ గది తీసేస్తున్నాం. ఇక్కడ డాల్ఫిన్ బొమ్మ వస్తుంది. ఫోటోలకి."

"మరి ఎవరైనా తప్పిపోతే మేడమ్?"

"ఎవరూ తప్పిపోవట్లేదు కదా అంకుల్. మీకు పార్కింగు గేటు దగ్గర డ్యూటీ వేశాను. నీడ ఉంటుంది, ఫ్యాన్ ఉంటుంది."

"అక్కడ నేనేం మాట్లాడాలి?"

"ఏం మాట్లాడక్కర్లేదు. మెషీనే మాట్లాడుతుంది. మీరు బటన్ నొక్కితే చాలు." మావయ్య మొహం చూసి మిగతా నీళ్ళు కూడా తాగింది. "ఈలోపు జనం దీన్ని వాడుతున్నట్టు కనిపిస్తే, పైవాళ్ళతో మాట్లాడతాను. నెలాఖరున నేనే వచ్చి చూస్తాను."

ఆవిడ వెళ్ళగానే బెలూనక్క తుపాకీ భుజాన వేసుకుని వచ్చింది. విననట్టు నటించడం ఆవిడకి చేతకాదు.

"ఇంతోటిదానికి దిగులెందుకు తమ్ముడూ? ఎవరూ తప్పిపోకపోతే మనమే ఒకణ్ణి తప్పిద్దాం."

"అబద్ధమా అక్కా? మైకులోనా?"

"నా తుపాకీ గొట్టం వంకర. ఇన్నేళ్ళుగా జనం నా ఎదురుగా నిలబడి బెలూన్లు కొట్టలేక చస్తున్నారు. బీచికేమన్నా అయిందా? నువ్వు పిలువు. నేను చెల్లెల్నని చెప్పి కిటికీ దగ్గర నిలబడి నాలుగు కన్నీళ్ళు పెడతాను. పదిమంది చూస్తారు. అదే వాడకం."

మావయ్యకి భయం. నిజంగా ఎవరైనా వచ్చేస్తే? అందుకని భూమ్మీద ఉండే అవకాశమే లేని మనిషిని తయారుచేశాడు. మండుటెండలో మైకు నొక్కి, గొంతు విప్పాడు.

"ఆకుపచ్చ స్వెట్టరు, ఎర్ర గొడుగు, ఒక కాలికే మేజోడు ఉన్న పెద్దాయనా! మీరెక్కడున్నా మైకు గది దగ్గరికి రండి. మీ చెల్లెలు మీ కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది."

చాలా కాలానికి ఆ గొంతు నాలుగు దిక్కులకీ వెళ్ళింది. ఒడ్డున నిద్రపోతున్న కుక్క లేచి నిలబడింది. బెలూనక్క ఏడుపు మొదలుపెట్టి, అంతలోనే గిరాకీ రావడంతో ఆపేసి వెళ్ళిపోయింది.

కాసేపటికి బెంచీ దగ్గర ఓ ముసలాయన నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా. గొడుగు లేదు. రెండు కాళ్ళకీ మేజోళ్ళు లేవు.

"అది నేనే అనుకుంటా బాబూ" అన్నాడు.

మావయ్య ఆయన్ని పైనుంచి కిందదాకా చూశాడు. "మీకు స్వెట్టరు లేదు కదండీ."

"ఇంట్లో ఉంది. ఆకుపచ్చది కాదనుకో."

ఇక దాచలేక మావయ్య తల గోక్కున్నాడు. "పెద్దాయనా, ఏమనుకోకండి. మీ చెల్లెలు... ఇక్కడ లేదు. అసలు ఎవరూ..."

"తెలుసు బాబూ. నాకు చెల్లెలే లేదు."

"మరెందుకొచ్చారు?"

"పిలిచారుగా" అన్నాడు ముసలాయన, అదేం ప్రశ్న అన్నట్టు. బెంచీ మీద కూర్చుని సముద్రం చూడసాగాడు.

మావయ్య తలుపు మూసుకుందామని జేబులోంచి తాళంచెవి లాగితే బొత్తాం ఎగిరి ఇసకలో పడింది. ముసలాయన వంగి, వెతికి, ఇసక ఊది ఇచ్చాడు.

"కుట్టించుకోకపోయావా?"

"ఎవరితోనండీ?"

"దారంతో."

ఇద్దరూ నవ్వలేదు. అయినా కాసేపు బాగుంది.

మర్నాడు మావయ్య మళ్ళీ పిలిచాడు. ఈసారి జాగ్రత్త పడి, చంకలో కవల పిల్లలూ తల మీద టోపీ ఉన్న తల్లిని పిలిచాడు. కాఫీ షాపులో రోజంతా ల్యాప్‌టాప్ ముందు ఒక్కడే కూర్చునే గడ్డం కుర్రాడు వచ్చాడు.

"నేను కాదని తెలుసన్నా" అన్నాడు, ఇసకలోకి చూస్తూ. "టోపీ అయితే ఉంది."

"కూర్చో" అన్నాడు మావయ్య.

ఆ తర్వాత ఓ రిటైరైన నర్సు వచ్చింది. ఆవిడ "కర్ర కాలు, భుజం మీద చిలక ఉన్న నావికుడు" అన్న పిలుపుకి వచ్చింది. ఏ గుర్తు చూసి వచ్చారమ్మా అని అడిగితే, "నావికుడు కదా, సముద్రం దగ్గరే ఉండాలి. నేనూ ఇక్కడే ఉన్నా" అంది. మావయ్య బెంచీ చూపించాడు. చివరికి ఎలా తయారైందంటే, ఆయన మైకులో ఒంటెని పిలిచినా ఇద్దరు ముగ్గురు వచ్చి సర్దుకుని కూర్చునేలా ఉన్నారు. పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. పిలిచాక వచ్చేవాళ్ళు, పొద్దు వాలాక లేచేవాళ్ళు. వెళ్ళేటప్పుడు ముసలాయన మాత్రం కిటికీలో తల పెట్టి, "కుట్టావా?" అనేవాడు. "రేపు" అనేవాడు మావయ్య.

నెలాఖరున ఆఫీసమ్మ వచ్చింది. బెంచీ మీద చోటు లేకుండా జనం. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"అంకుల్! వీళ్ళంతా తప్పిపోయినవాళ్ళేనా?"

మావయ్య నోరు తెరిచేలోపే ఆవిడ ముసలాయన ముందు వంగింది. "ఎప్పుడు తప్పిపోయారు తాతగారూ?"

"పోయినేడాది అనుకుంటానమ్మా. సరిగ్గా ఎప్పుడో నేనూ చూసుకోలేదు."

"మిమ్మల్ని ఎవరు వెతుకుతున్నారు?"

ముసలాయన పక్కకి చూశాడు. నర్సూ చూసింది. గడ్డం కుర్రాడూ చూశాడు. అందరి చూపులూ వెళ్ళి కిటికీలో ఆగాయి. బెలూనక్క దూరం నుంచి కళ్ళతో, చేతులతో, తుపాకీతో సైగలు చేస్తోంది, "చెల్లెలని చెప్పు, చెల్లెలని చెప్పు" అని. ఒక్క అబద్ధం చాలు. గది నిలబడుతుంది.

కానీ ఆ గదిలో కూర్చుని ఆయన ఇన్నేళ్ళూ అడిగిన జేబు ప్రశ్న ఒకటుంది. దాని ముందు అబద్ధం రాలేదు.

"ఎవరూ వెతకట్లేదు మేడమ్. నేనే ఊరికే పిలిచాను. వాళ్ళు వచ్చారు."

ఆఫీసమ్మ సీసా మూత తిప్పింది. సీసాలో నీళ్ళు లేవు. "తప్పిపోయారంటే ఎవరో ఒకరు వెతుకుతూ ఉండాలి అంకుల్" అంది మెల్లగా. "వెతికేవాళ్ళు లేకపోతే వాళ్ళు తప్పిపోయినవాళ్ళు కాదు. కూర్చున్నవాళ్ళు."

ఆవిడ తప్పేం చెప్పలేదు. అదే అందరికీ కష్టమనిపించింది. ఒక్కొక్కరే లేచి, ఇసక దులుపుకుని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ముసలాయన కిటికీలో తల పెట్టలేదు.

డాల్ఫిన్ లారీలో వచ్చింది. ప్లాస్టిక్ చుట్టుకుని ఇసకలో పక్కకి పడుకుని, మావయ్య వంక చూసి నవ్వుతోంది. అది అందరి వంకా అలాగే నవ్వుతుందని తర్వాత తెలిసింది. ఆఖరి రోజు సాయంత్రం మావయ్య బల్ల తుడిచాడు, కుర్చీ బల్ల కిందకి తోశాడు. "పొద్దున్నే వైర్లు కోసేవాడొస్తాడు, ఇచ్చెయ్యక్కా" అని తాళంచెవి బెలూనక్క చేతిలో పెట్టి, నీళ్ళ దాకా నడిచాడు. అలలు వచ్చి కాళ్ళు చూసి వెళ్ళాయి. చుట్టూ జనం, జనం చేతుల్లో ఫోన్లు, ఫోన్లలో జనం. రేపట్నుంచి గేటు. బటన్. ఆడగొంతు మెషీను.

ఉన్నట్టుండి స్పీకర్లు తుమ్మినట్టు శబ్దం చేశాయి. ఎవరో మైకుని నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నారు.

"హలో. హలో. ఆఁ. బూడిద రంగు చొక్కా. పాంటు ఒక కాలు మడత ఊడింది. చెప్పులు చేత్తో పట్టుకుని ఉంటాడు. మనిషి సన్నం, గొంతు లావు. ఆ మనిషి తప్పిపోయాడు."

మావయ్య వెంటనే జనాన్ని వెతకడం మొదలుపెట్టాడు. పాత అలవాటు. బూడిద చొక్కా, బూడిద చొక్కా అనుకుంటూ ఎడమ వైపు చూశాడు, కుడి వైపు చూశాడు. ఫోటో తీసుకుంటున్న వాడి దగ్గరికెళ్ళి, "బాబూ, బూడిద చొక్కా మనిషెవరైనా కనపడ్డాడా?" అని అడిగాడు. వాడు తల పైకెత్తి, మావయ్యని పైనుంచి కిందదాకా చూశాడు. మావయ్య కూడా కిందకి చూసుకున్నాడు. చేతిలో చెప్పులున్నాయి.

స్పీకర్లలో బెలూనక్క గొంతు తగ్గించి ఎవరినో అడుగుతోంది. మైకు మూయాలని ఆవిడకి తెలీదు, కాబట్టి బీచంతా విన్నది. "ఎవరు ఎదురుచూస్తున్నారని చెప్పను?"

"చెల్లెలని చెప్పమ్మా" అంది ముసలాయన గొంతు.

"ఊరికే ఇవ్వను పెద్దాయనా. రూలు రూలే. జేబులో ఏముందో చెప్తేనే."

స్పీకర్లు కాసేపు గరగరలాడాయి. ఒడ్డున ఇద్దరు ముగ్గురు ఫోన్లు దించి, ఏం చెప్తాడో అని చూశారు.

"బొత్తాం" అన్నాడు ముసలాయన. "ఇవాళ కూడా కుట్టి ఉండడు."

మావయ్య జేబులో చెయ్యి పెట్టాడు.