మట్టం మేస్త్రి ఇంటి వెనక గోడ

ఆఫీసరు వస్తున్నాడని తెలిస్తే చాలు, మా ఊళ్ళో గోడలకి జబ్బు నయమైపోతుంది. ముందురోజే తలా ఒక తట్టెడు సిమెంటు కలుపుకుని బీటలు పూడ్చేస్తారు, సున్నం కొడతారు, గుమ్మం కడుగుతారు. వచ్చినాయన చూస్తాడు, ఫర్వాలేదే అనుకుంటాడు, "ఇళ్ళు నివాసయోగ్యంగా ఉన్నవి" అని రాసుకుని కారెక్కుతాడు. మిల్లు లైనుకి రెండుసార్లు ఇలాగే జరిగింది. రెండుసార్లూ ఇళ్ళు కట్టే డబ్బు ఇంకో ఊరికి పోయింది, మాకు మాత్రం పట్టణ సుందరీకరణ కింద బెంచీలూ దీపస్తంభాలూ వచ్చాయి. కూలబోయే ఇంటి ముందు కూర్చుని చూడ్డానికి బెంచీ. ఆ బెంచీల పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

నేను మునిసిపాలిటీలో వర్క్ ఇన్‌స్పెక్టర్ని. మిల్లు లైనంటే, ఎప్పుడో మూతపడ్డ మిల్లు వాళ్ళు పనివాళ్ళ కోసం కట్టిన ఇరవై నాలుగు ఇళ్ళ వరస. ఇళ్ళు ఇరవై నాలుగైనా వెనక గోడ ఒక్కటే, ఈ చివర నుంచి ఆ చివర దాకా. దాని వెనక కాలవగట్టు ఉంది. ఏళ్ళ తరబడి గట్టు నెట్టీ నెట్టీ గోడ ఇళ్ళ లోపలికి ఒరుగుతోంది. ఒకచోట పడిందంటే అక్కడితో ఆగదు. తొమ్మిదో నంబరు ఇంట్లో మా బాబాయి, పిన్ని ఉంటారు. నాన్న పోయాక నన్ను పెంచింది వాళ్ళే. పిన్నికి తుంటి విరిగి రెండేళ్ళయింది, ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవలేదు. ఆమె మంచం ఆ గోడని ఆనుకునే ఉంటుంది. ముందు గదిలోకి మార్చమని ఎన్నిసార్లు మొత్తుకున్నానో లెక్కలేదు. "నా గోడకేం ఢోకా లేదమ్మాయ్" అనేవాడు బాబాయి. ముప్ఫై ఏళ్ళ కిందట ఆ గోడకి మరమ్మతు చేసింది తనే మరి. తాపీ మేస్త్రి. దూరం నుంచి ఒక్క చూపు చూసి గోడ మట్టంలో ఎంత తేడా ఉందో చెప్పేస్తాడని లైనంతా ఆయన్ని మట్టం మేస్త్రి అంటారు.

ఈసారి కేంద్రం ఒక కొత్త షరతు పెట్టింది. పాతవి కూల్చి కొత్తవి కట్టడానికి డబ్బు కావాలంటే గోడ కదులుతోందని మూడుచోట్ల రుజువు చూపించాలి. బీట మీద అడ్డంగా సన్నటి గాజు పట్టీ అంటించి, పక్కన తేదీ రాసి వదిలేస్తాం. గోడ కదిలితే గాజు పగులుతుంది. ఆర్నెల్ల కిందట ఐదిళ్ళలో నా చేత్తోనే అంటించాను. ఒకటి ఊడి పడిపోయింది. ఒకటి చెక్కుచెదరలేదు. రెండు పగిలాయి. ఐదోది బాబాయి ఇంట్లోది. పోయిన వారం చూస్తే దాని మధ్యలో వెంట్రుకంత గీత కనపడింది. ఫోటో తీయలేదు. నాలుగు రోజులాగితే పూర్తిగా పగులుతుంది, అప్పుడు తీస్తే ఎవరూ నోరెత్తలేరు అనుకున్నాను. అదీ నా తెలివి.

సున్నం కొట్టొద్దని, బీటలు ముట్టుకోవద్దని ఇరవై మూడు గుమ్మాలు ఎక్కి దిగి చెప్పాను. కొందరి చేత ఒట్టు కూడా వేయించుకున్నాను. బాబాయికి మాత్రం చెప్పలేదు. నాకు పని నేర్పిన మనిషికి గోడ గురించి నేను చెప్పడమేమిటనుకున్నాను.

ఆ రోజు పదకొండున్నరకి కేంద్రం ఆఫీసరు దిగాడు. సన్నగా, పొడుగ్గా, నవ్వని మనిషి. దిగుతూనే మా ఇంజనీరు గారితో, "ఒంటిగంటకి జాబితా మూసేస్తాను. తర్వాత ఇంకో రెండూళ్ళు చూడాలి" అన్నాడు. ఇంజనీరు గారు నవ్వుతూ తలూపాడు కానీ ఆయన నుదుటి మీద చెమట నాకు కనపడింది.

నాలుగో ఇంట్లో పట్టీ పగిలి ఉంది. ఆఫీసరు వంగి తేదీ చదివి, ఫోటో తీసుకున్నాడు. ఏడో ఇంట్లోదీ అంతే. "రెండు" అన్నాడు. మూడోది మావాళ్ళ ఇంట్లోనే సార్ అంటూ నేను ముందు పరిగెత్తాను.

గుమ్మంలోనే సున్నం వాసన గుప్పుమంది.

ముందు గదిలో పిన్ని మంచం ఉంది. వెనక గదిలోకి వెళ్ళి చూస్తే గోడ పాలలా తెల్లగా, నున్నగా మెరుస్తోంది. బీట లేదు. గాజు పట్టీ లేదు. నేను రాసిన తేదీ లేదు. బాబాయి తెల్లచొక్కా వేసుకుని, తల దువ్వుకుని, ఆ గోడకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు.

"ఏం చేశావు బాబాయ్?"

"నిన్న సాయంత్రం పూత వేసి, పొద్దున్నే సున్నం కొట్టాను. పైవాళ్ళు వస్తున్నారన్నావుగా. మేస్త్రి ఇంట్లో బీటలు చూపిస్తామా?"

"గాజు ఏది?"

"పూత కిందే ఉంటుంది. ఎక్కడికి పోతుంది?" అన్నాడు, అదేదో నా మంచికే చేసినట్టు.

అరవాలనిపించింది. ఇంతలో ఆఫీసరు, ఇంజనీరు గారు లోపలికి వచ్చేశారు. ఆఫీసరు గోడని పైనుంచి కింది దాకా చూశాడు.

"బాగానే ఉందిగా."

"పట్టీ ఈ పూత కింద ఉంది సార్. పోయిన వారం చీలిక నేను నా కళ్ళతో చూశాను."

"ఫోటో?"

"తీయలేదు సార్."

"పూత చెక్కించి చూపిస్తాం సార్" అన్నాడు ఇంజనీరు గారు.

"చెక్కేటప్పుడు సుత్తి దెబ్బకి గాజు పగిలిందంటే ఏమంటారు? నేను కనపడిందే రాస్తాను. రెండు చోట్లే రుజువుంటే ముందు వైపు మరమ్మతు, రంగులు. దానికి సిఫార్సు చేస్తాను. మీకు అసలేమీ రాదనుకోకండి."

రంగులట. ఒరిగే గోడకి ముందు వైపు రంగులు.

ఇంజనీరు గారు నన్ను పక్కకి లాగాడు. గొంతు తగ్గించి, "పన్నెండో ఇంట్లో ఉన్న పట్టీ చెక్కుచెదరలేదన్నావు కదా. నేను ఈయన్ని మాటల్లో పెడతాను. నువ్వెళ్ళి బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కు. చాలు" అన్నాడు.

పన్నెండున్నర అయింది. నిజం చెప్తున్నాను, నేను గుమ్మం వైపు రెండడుగులు వేశాను. ఇరవై నాలుగు కుటుంబాలు ఒకవైపు, ఒక గాజు ముక్క ఒకవైపు. పైగా గోడ కదులుతోందన్నది అబద్ధం కాదు, చూపించే చోటు మాత్రమే అబద్ధం. అలా నాకు నేనే సర్దిచెప్పుకుంటూ ముందు గదిలోకి వచ్చాను. పిన్ని మంచం మీంచి నా చెయ్యి పట్టుకుంది.

"మీ బాబాయి కూచోనైనా కూచోవట్లేదే. పొద్దున సున్నం కొట్టినప్పటి నుంచి ఆ గోడకే అతుక్కుపోయాడు. కాళ్ళు లాగవూ?"

నేను ఆగిపోయాను. పిన్ని మంచం ముందు గదిలో ఉందన్న సంగతి అప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు.

"నీ మంచం ఎప్పుడు మార్చారు పిన్నీ?"

"మూడు రోజుల కిందట. అక్కడ గాలి ఆడట్లేదన్నాడు."

వెనక్కి తిరిగి బాబాయిని చూశాను. పచ్చి సున్నపు గోడకి, ఉన్న ఒక్క ఇస్త్రీ చొక్కాతో, వీపు ఆనించి నిలబడ్డాడు. జీవితంలో ఎన్నడూ పచ్చిగోడని ఎవర్నీ ముట్టుకోనివ్వని మనిషి. చిన్నప్పుడు పూత మీద వేలు పెట్టినందుకు నా వేళ్ళ మీద బద్దతో కొట్టాడు. ఇంటికి ఇంత పెద్ద మనిషి వస్తే ఎదురెళ్ళి కుర్చీ వేయకుండా, కదలకుండా ఉన్నాడు.

నేను పన్నెండో ఇంటికి వెళ్ళలేదు. తిరిగి లోపలికి వచ్చాను.

"బాబాయ్, పక్కకి జరుగు."

"ఎందుకమ్మాయ్?"

"జరుగు."

"నడుము నొప్పిగా ఉంది. ఇలాగే బావుంది" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను.

"మూడు రోజుల కిందట పిన్నిని ఎందుకు మార్చావో సార్‌కి చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఆఫీసరు టాబ్లెట్‌లోంచి తలెత్తాడు. ఇంజనీరు గారు నా వైపు గుడ్లురిమాడు. బాబాయి నన్ను చూసిన చూపు నేను ఎప్పటికీ మరిచిపోలేను. నలుగురిలో పరువు తీశావే అన్నట్టుంది. తర్వాత మెల్లగా, గోడ మీంచి వీపు ఎత్తి ఒక అడుగు పక్కకి వేశాడు. చొక్కా వెనకంతా సున్నం.

ఆయన నిలబడ్డ చోట, నిన్న సాయంత్రం వేసిన పూత మీద, భుజం ఎత్తు నుంచి నేల దాకా ఏటవాలుగా ఒక గీత దిగి ఉంది.

ఆఫీసరు దగ్గరికెళ్ళి వేలు పెట్టి చూశాడు. "ఇది పూత ఆరినప్పుడు వచ్చే చీలిక కూడా కావచ్చు కదా."

ఆ మాట బాబాయికి ఎక్కడో తగిలింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఒక్కసారిగా నిటారుగా అయ్యాడు.

"నా పూత ఆరితే చీలదు సార్. చీలినా వలలాగా నాలుగు దిక్కులా పాకుతుంది, ఇలా ఒక్క దారిన పోదు. గీతకి ఈ పక్కా ఆ పక్కా తడిమి చూడండి. ఒక అంచు పైకి లేచి ఉంది. పూత చీలలేదు సార్, వెనక గోడ జరిగింది."

తన పనిముట్ల పెట్టె తెరిచి తూకం గుండు తీశాడు. దారానికి కట్టిన ఇత్తడి గుండు, గోడ నిలువుగా ఉందో లేదో చూసేది. దానితోనే నాకు పని నేర్పాడు. స్టూలెక్కి దారం కొసని గోడకి ఆనించి గుండు వదిలాడు. గుండు కాసేపు ఊగి నిలబడింది. కింద గుండుకీ గోడకీ మధ్య నా నాలుగు వేళ్ళు పట్టాయి.

"నాలుగేళ్ళ కిందట రెండు వేళ్ళు ఉండేది" అన్నాడు బాబాయి. "అప్పటి నుంచీ ప్రతి నెలా చూస్తున్నాను."

"తెలిసి ఎందుకు దాచారు?" అన్నాడు ఆఫీసరు.

"చెప్తే ఖాళీ చేయిస్తారు. ఖాళీ చేయించినవాళ్ళని చూశాను గానీ సార్, తిరిగొచ్చి కట్టినవాళ్ళని నేను ఇంతవరకు చూడలేదు."

ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. పన్నెండూ యాభై. "పూత ఏ రోజు, ఏ వేళకి వేశారో మీరు రాసి సంతకం పెడితే దీన్ని మూడోదిగా తీసుకుంటాను. కానీ మూడు రుజువులైతే లైను మొత్తం ప్రమాదకరం కిందికి వస్తుంది. సాయంత్రంలోగా అందరూ బయటికి రావాలి. అది మీ మునిసిపాలిటీకి తెలుసు."

బాబాయి నా వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

తెలుసు. ఉత్తర్వులో మూడో పేజీలో ఉంది. చెప్తే మళ్ళీ సున్నాలు కొడతారని ఇరవై మూడు గుమ్మాల్లో ఒక్క గుమ్మంలో కూడా చెప్పలేదు.

"తెలుసు బాబాయ్."

"అంటే నువ్వూ పూత వేశావన్నమాట" అన్నాడు. కోపంగా కాదు. అలసటగా అన్నాడు.

ఆయన పెన్ను చేతిలోకి తీసుకుని చాలాసేపు రాయలేదు. ముందు గదిలో పిన్ని దగ్గుతోంది. ఆ దగ్గు వైపు ఒకసారి చూసి, వంగి, ఒక్కో అక్షరమూ గట్టిగా నొక్కుతూ రాశాడు. నిన్న సాయంత్రం అయిదింటికి వేసిన పూత, నా చేత్తో వేసింది, ఈ రోజుకి చీలింది. కింద సంతకం. ఒంటిగంటకి మూడు నిమిషాల ముందు ఆఫీసరు "మూడు" అన్నాడు.

"కట్టేది ఎప్పుడండీ?" అని అడిగింది పిన్ని, ఆఫీసరు ముందు గదిలోంచి వెళ్తుంటే.

"మొదటి విడత మంజూరు కాగానే అమ్మా" అన్నాడాయన. ఆ "కాగానే" ఎన్నాళ్ళో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. కారు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నమంతా నేను గుమ్మం గుమ్మం ఎక్కి నిజం చెప్పాను. తిట్టినవాళ్ళు తిట్టారు. ఇరవయ్యో ఇంటావిడ నా ముఖాన తలుపేసింది, అరగంట తర్వాత తనే తెరిచి సామాను సర్దడం మొదలుపెట్టింది. మునిసిపాలిటీ లారీలు రెండు వచ్చాయి. మూతపడ్డ మిల్లు క్యాంటీను హాల్లో తెరలు కట్టించాను. నలుగురం పట్టి పిన్నిని మంచంతో సహా ఎత్తాం. "బెంచీ మీద ఒకసారి కూచోబెట్టండే, మనకిచ్చిందేగా" అంది పిన్ని. అంత కంగారులోనూ అందరికీ నవ్వొచ్చింది. కాసేపు కూచోబెట్టాం.

సాయంత్రం నేను ఎర్రరంగు డబ్బా పట్టుకుని ఒక్కో తలుపు మీద ఖాళీ చేసినట్టు గుర్తు వేసుకుంటూ వస్తున్నాను. తొమ్మిదో నంబరు దగ్గర బాబాయి నిలబడ్డాడు, అదే చొక్కా, వీపున అదే సున్నం. నేను గుర్తు వేసేదాకా చూసి, తలుపుకి తాళం వేశాడు. రెండుసార్లు లాగి చూశాడు. తాళంచెవి నా ముందుకి చాచాడు.

"ఇదెందుకు బాబాయ్? వచ్చే వారం లైనంతా కూల్చేస్తారు, తలుపే ఉండదు."

"తెలుసు. పుచ్చుకో."

"ఆఫీసులో ఇవ్వాల్సిన పని లేదు."

"ఆఫీసుకి ఇవ్వట్లేదు. కేంద్రానికి అసలే ఇవ్వట్లేదు. నీకిస్తున్నాను" అన్నాడు. "కొత్త ఇంటి తాళంచెవి ఇచ్చిన రోజు ఇది తిరిగి పుచ్చుకుంటాను."

అది లైనులో అందరూ చూశారు. ఎనిమిదో ఇంటాయన వచ్చి తనదీ నా చేతిలో పెట్టాడు. తర్వాత పదోవాళ్ళు. ఇరవయ్యో ఇంటావిడ నా ముఖం చూడకుండా పెట్టి వెళ్ళింది. చీకటి పడేలోగా నా చేతిసంచిలో ఇరవై నాలుగు తాళంచెవులు పడ్డాయి.

మంజూరు ఉత్తర్వు ఇంకా రాలేదు. తాళంచెవులు నా టేబులు సొరుగులో ఉన్నాయి. పెన్ను కోసం సొరుగు లాగినప్పుడల్లా గలగలమంటాయి, ఆ రోజు మళ్ళీ ఫోను తీసి పై ఆఫీసుకి నంబరు కలుపుతాను.