తెల్లగుడ్డ పైన తల

నీటి మీటర్లు చూసే ఆయన ఏ ఇంటికెళ్లినా రెండు లెక్కలు రాసుకుని వచ్చేవాడు. పుస్తకం ముందువైపు ఆ ఇంట్లో ఎన్ని నీళ్లు వాడారో, వెనకవైపు ఆ ఇంటి పిల్లలకి ఎన్ని మార్కులొచ్చాయో. మెట్ల కింద వంగి, మీటరు అద్దం మీద దుమ్ము బొటనవేలితో తుడుస్తూనే, మీవాడికి కొండమీది కాలేజీ కష్టమండీ, నాలుగు మార్కులు తక్కువ, అనేసేవాడు. ఏ కాలేజీలో ఏ ఏడు ఆఖరి సీటు ఎన్ని మార్కుల దగ్గర ఆగిందో ఆయనకి నోటికొచ్చు. అందుకని అందరూ ఆయన్ని కటాఫ్ అనేవారు, మొహం మీదే.

పుస్తకం నిండితే పాత లెక్కలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించేవాడు. అవి ముప్పై ఏళ్లనాటి నుంచీ ఉన్నాయి. కూతురికి పద్దెనిమిది. ముందు పన్నెండేళ్లూ ఎవరికోసం రాశాడని అడగాలని ఎవరికీ తోచలేదు.

ఆయన అంచనా చెప్పాక జనం ఫొటో పెద్దమ్మ దగ్గరికి వెళ్లేవారు, డాక్టరు రాసిచ్చాక ల్యాబుకి వెళ్లినట్టు. ఆవిడ స్టూడియోలో స్టూలు మీద కూర్చుని కాలేజీ పేరు మనసులో అనుకోవాలి, ఆవిడ నొక్కుతుంది. సీటు వచ్చేదైతే ఫొటోలో కళ్లు తెరుచుకుని ఉంటాయి. రానిదైతే, రెప్పలకి పుల్లలు పెట్టుకుని కూర్చున్నా మూసుకునే వస్తాయి. సగం తెరుచుకుంటే వెయిటింగ్ లిస్టు. కళ్లు మూసుకున్న ఫొటో దరఖాస్తు మీద చెల్లదు కాబట్టి అక్కడెవరూ ఊరికే దరఖాస్తు పెట్టేవారు కాదు. ఫొటోకి బద్ధకించి ఉత్త అంచనాతో పెట్టినవాళ్లు ఇద్దరో ముగ్గురో. వాళ్లలో ఒకడు ఏ కాలేజీకీ పోలేక ఇదిగో, ఇలా కథలు రాసుకుంటున్నాడు.

దరఖాస్తులకి ఆఖరి రోజు సోమవారం. ఆదివారం పొద్దున్నే కటాఫ్ కూతుర్ని తీసుకుని స్టూడియోకి వెళ్లాడు. ఫారంలో మూడు కాలేజీలు రాయొచ్చు. ఆశకి ఒకటి, అంచనాకి ఒకటి, అభయానికి ఒకటి అని ఆయన సూత్రం. గడియారం కాలేజీ, కొండమీది కాలేజీ, బస్టాండు వెనక కాలేజీ. మూడింట్లోనూ గణితమే. బస్టాండు వెనక కాలేజీకైతే కూతురికి ముప్పై ఒక్క మార్కులు ఎక్కువే ఉన్నాయి. అది జేబులో ఉన్నట్టే.

వెనక కట్టే తెల్లగుడ్డ స్టాండు కాలు విరిగింది. "నేను పట్టుకుంటాలే అక్కా," అని కటాఫ్ రంగుడబ్బా ఎక్కి, గుడ్డ వెనక చేతులు పైకెత్తి నిలబడ్డాడు. కూతురు అనుకుంటుందో లేదోనని తనూ ఒక్కో పేరూ లోలోపల అనుకున్నాడు.

పెద్దమ్మ మూడు ఫొటోలూ తీసి అద్దం బల్ల మీద పరిచింది. మూడింట్లోనూ కూతురి కళ్లు మూసుకునే ఉన్నాయి. పసిపిల్ల నిద్రపోతున్నట్టు, హాయిగా.

కటాఫ్ మూడు ఫొటోలూ దగ్గరికి లాక్కున్నాడు. మొదటిది సరే. రెండోదీ పోనీ. అభయం? ముప్పై ఒక్క మార్కులు? ముప్పై ఏళ్ల లెక్కలో అలాంటిది ఒక్కసారీ జరగలేదు. పుస్తకం తీసి, వేలితో గీత గీత వెతికాడు.

ఫొటోల అంచులు కోయబోతూ పెద్దమ్మ కత్తెర ఆపేసింది.

"ఇదెవరి తల?"

తెల్లగుడ్డ పైన, మూడు ఫొటోల్లోనూ, కటాఫ్ మొహం సగందాకా పడింది. కళ్లు గిన్నెల్లా తెరుచుకుని ఉన్నాయి.



"డబ్బా మీంచి పడతానేమోనన్న భయమక్కా అది," అన్నాడు కటాఫ్.

"నా కెమెరా ముందు భయానికి తెరుచుకోవు నాయనా. సీటుకే తెరుచుకుంటాయి. కావాలంటే వచ్చి కూర్చో."

కూర్చున్నాడు. గడియారం కాలేజీ అనుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు కూడా. ఫొటోలో మాత్రం తెరుచుకునే ఉన్నాయి. నలభై ఏడేళ్ల మనిషి నోరు తెరిచి తన బొమ్మనే చూస్తూ ఉండిపోయాడు.

"నాన్నా, నేనింకొకటి తీయించుకోనా? నీ పుస్తకంలో లేనిది," అంది కూతురు. ఏమందో వినకుండానే తలూపాడు. ఓడరేవులో క్రేన్లు నడపడం నేర్పే కాలేజీ ఒకటుంది. కటాఫ్ లేని కాలేజీ కాబట్టి ఆయన లెక్కలో అది లేనట్టే. ఆ పిల్ల నాలుగేళ్లుగా మేడ మీంచి ఆ క్రేన్లనే చూస్తోంది. ఈసారి ఫొటోలో రెండు కళ్లూ నిండుగా తెరుచుకున్నాయి.

ఇంటికెళ్లాక భార్య మొగుడి ఫొటో పట్టుకుని కుర్చీలో కూలబడింది. పెళ్లి ఫొటోలో కూడా ఈయన ఇంత మెలకువగా లేడంది. అన్నం చల్లారిపోయింది. కటాఫ్ గోడకేసి చూస్తూ, మరి మీటర్లెవరు చూస్తారు అని నాలుగుసార్లు అడిగాడు. పొద్దున మీటర్లు, సాయంత్రం కాలేజీ అని నాలుగుసార్లూ భార్యే చెప్పింది. పదిహేడో ఏట, మీటర్లు చూసే తండ్రి నిచ్చెన మీంచి పడి చనిపోతే, ఆ వారమే ఆయన సంచీ భుజాన వేసుకుని మొదటి మీటరు చూసినవాడు. అప్పుడు నింపని ఫారం గడియారం కాలేజీదే.

"వయసు పరిమితి ఎంత నాన్నా?" అంది కూతురు మామూలుగా.

"గణితానికి లేదు. పన్నెండో నిబంధన," అనేశాడు ఠక్కున. అన్నాక తన మాట తనకే వినపడి, కొయ్యబారిపోయాడు.

సోమవారం పొద్దున బల్ల మీద రెండు ఫారాలు పెట్టుకున్నారు. కూతురి ఫారంలో సంరక్షకుల గడిలో కటాఫ్ సంతకం చేశాడు, క్రేను అన్న మాట దగ్గర ఒకసారి ఆగి. తన ఫారంలో అదే గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఫారం చెత్తబుట్టలోకేనని ఇంటింటికీ చెప్పినవాడు ఆయనే. సంతకం చేయడానికి తండ్రి లేడు.

కూతురు పెన్ను తీసుకుని ఆ గడిలో తన సంతకం పెట్టింది. పక్కన, అభ్యర్థికి ఏమవుతారు అన్నచోట, గుండ్రటి అక్షరాలతో రాసింది: కూతురు.