ఏకగ్రీవం

మా ఇంట్లో ఎవరు ఎక్కడికి బయల్దేరినా ఆ బరువు నా నెత్తినే పడుతుంది. బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేసే ఉద్యోగం చేశాను కనుక, ఈ పని నాకంటే బాగా ఎవరు చేస్తారని వాళ్ల ధీమా. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒక్కటే. ఎన్ని బస్సులు ఎటు తిరిగినా, ఏ డ్రైవరూ ఏ కండక్టరూ రాత్రికి ఊరు కాని ఊళ్లో చిక్కుకుపోకూడదు. ఎవరైనా చిక్కుకున్నారంటే మర్నాడు పొద్దున్నే నా బల్ల ముందుకొచ్చి కుర్చీ లాక్కుని మరీ నిలదీసేవాళ్లు.

ఈసారిది బస్సులతో అయ్యే ప్రయాణం కాదు. అమ్మకు డెబ్భై అయిదు నిండుతున్నాయి. మధ్యధరా సముద్రంలో ఏదైనా దీవికి వెళ్లి అందరం వారం రోజులుందామని తమ్ముడు అన్నాడు. చెల్లెలి కుటుంబం, బాబాయి కొడుకులు, వాళ్ల పెళ్లాం పిల్లలు అందరూ సై అన్నారు. అమ్మ మాత్రం ఒక షరతు పెట్టింది.

"ఏ దీవైతే నాకేం తెలుస్తుందిరా. అందరూ ఉండాలి, అంతే. ఒక్కళ్లు తగ్గినా నేను రాను."

"అలాగేనమ్మా" అని, తమ్ముడు నా వైపు తిరిగాడు. "ప్లానింగంతా నీదేనక్కా. నీకెలాగూ ఖాళీయే కదా."

నా ఖాళీ ఎలాంటిదో చెబుతాను. రెండేళ్లుగా నా కిడ్నీలు పనిచెయ్యడం లేదు. రోజు విడిచి రోజు పొద్దున్నే ఆస్పత్రికి వెళ్లి, రెక్సిన్ కుర్చీలో వెనక్కి వాలి, ఎడమ చేతికి రెండు లావుపాటి సూదులు గుచ్చించుకుని నాలుగు గంటలు పడుకుంటాను. ఒంట్లో రక్తం పక్కనున్న మిషన్‌లోకి వెళ్లి శుభ్రపడి తిరిగొస్తుంది. ఎడమ చెయ్యి కదిపితే మిషన్ కుయ్యోమంటుంది. కుడి చేతికి మాత్రం ఏ పనీ ఉండదు. మా వాడు ఖాళీ అన్నది ఆ చేతిని.

అయినా నాకు కోపం రాలేదు. ఆశ పుట్టింది. డయాలిసిస్ మొదలైన దగ్గర్నుంచి నేను ఊరి పొలిమేర దాటలేదు. మిషన్‌కు రెండు రోజులకు మించి దూరమైతే ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు. అలాంటి నేను ఓడ ఎక్కుతానని, అమ్మ పక్కన ఒడ్డున కూర్చుంటానని అనుకుంటేనే ఒళ్లు తేలికైపోయేది. ఇంకో ఏడాదికి నేనెలా ఉంటానో ఎవరికి తెలుసు?

ఒంటి చేత్తో ఫోనులో వెతగ్గా వెతగ్గా ఒక పెద్ద దీవి దొరికింది. దీవి చూడ్డానికొచ్చిన పరాయి దేశాల వాళ్లకు కూడా అక్కడి ఆస్పత్రిలో డయాలిసిస్ చేస్తారట. అక్కడి సిస్టరుకు వచ్చీరాని ఇంగ్లీషులో రాశాను. ఆవిడా వచ్చీరాని ఇంగ్లీషులోనే జవాబిచ్చింది. అందుకే మేమిద్దరం ఒకరికొకరం చక్కగా అర్థమయ్యాం. రక్తపరీక్షలు పంపమంది, డాక్టరు ఉత్తరం పంపమంది, మళ్లీ కొత్తగా పరీక్షలు చేయించి పంపమంది. చివరికి ఒక రోజు రాసింది: "మీకు కిటికీ పక్క కుర్చీ ఉంచాను. అక్కడినుంచి రేవు కనిపిస్తుంది." ఆ ముక్క మా ఆస్పత్రిలో సూదులు గుచ్చే సిస్టరుకు కూడా చదివి వినిపించాను. ఆవిడ నా దుప్పటి సర్దుతూ, తిరిగొచ్చాక ఫోటోలు చూపించాలని మాట తీసుకుంది.

ఈ సంగతంతా ఫ్యామిలీ గ్రూపులో వివరంగా రాశాను. ఎందుకు ఆ దీవే కావాలో, ఏ పూట నేను ఆస్పత్రిలో ఉంటానో, ఆ పూట మిగిలినవాళ్లు ఏమేం చూడొచ్చో అన్నీ పెట్టాను. జవాబుగా నాలుగు బొటనవేళ్లు వచ్చాయి. ఆ వెనకాలే ఎండ టోపీలు ఎక్కడ కొనాలన్న చర్చ మొదలై సగం రోజు నడిచింది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడైనా ఏదో కొరుకుతున్నావనుకుంటాడు. వీళ్లు అదీ అనుకోలేదు.

టికెట్లు కొనేముందు ఆదివారం అందరూ తమ్ముడి ఇంట్లో చేరారు. సోఫాలు చాలక మేడమీంచి ప్లాస్టిక్ కుర్చీలు దింపారు. నేను నా కాగితాలు ఫైల్లోంచి తీస్తుండగా మరదలు టీవీ పెట్టింది. తెరమీద తెల్లటి ఇల్లు. ఈతకొలను అంచూ సముద్రమూ కలిసిపోయి, ఎక్కడ ఏది మొదలైందో తెలియడం లేదు. పిల్లలు నోళ్లు తెరిచారు.

"ఇది చిన్న దీవిలో ఉంది. పెద్ద దీవి దాటాక ఇంకో మూడు గంటలు ఓడలో వెళ్లాలంతే" అంది మరదలు. "అందరం ఒకే ఇంట్లో ఉండొచ్చు. ఎలా ఉంది వదినా?"

"బాగుంది. అక్కడ ఆస్పత్రి ఉందా?" అన్నాను.

"చిన్న క్లినిక్ ఉందట. జ్వరాలకీ వాటికీ చూస్తారట."

ఆ దీవినుంచి వెనక్కి ఓడ వారానికి రెండుసార్లే ఉంది. ఆ సంగతి నాకు అంతకుముందే తెలుసు. నేను చూసి పక్కనపెట్టిన వాటిలో మొదటిది అదే. చెప్పబోయాను. ఇంతలో తమ్ముడు లేచి నిలబడ్డాడు. వాడికి ఆఫీసులో మీటింగులు నడిపే అలవాటు.

"ఎందుకీ గొడవ, ఓటింగు పెట్టేద్దాం. చిన్న దీవికి సరేననే వాళ్లు చేతులెత్తండి."

ముందు పిల్లల చేతులు లేచాయి. తర్వాత బాబాయి కొడుకులవి, వాళ్ల భార్యలవి. మరదలిది. మరిది చెయ్యెత్తి చెల్లెల్ని మోచేత్తో పొడిచాడు. చెల్లెలు నా వైపు చూసింది, నేలకేసి చూసింది, చెయ్యెత్తింది. అమ్మ తనకేం పట్టనట్టు కొంగు అంచు సవరించుకుంటూ కూర్చుంది. మనవడు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. ఆమె దించలేదు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు కదా. ఉలిపికట్టె కావడం నాకేం కొత్త కాదు. కానీ ఆ రోజు నాకు మండింది. నేనూ చెయ్యెత్తాను. కావాలనే ఎడమ చెయ్యి ఎత్తాను. జాకెట్టు చేతి కిందనుంచి మణికట్టు దాకా తాడు పేనినట్టు ఉబ్బిన నరం, సూది మచ్చలు, నిన్నటి ప్లాస్టరు, అన్నీ అందరికీ కనిపించాయి. అందరూ టీవీ వైపు చూశారు.

"అక్క కూడా ఒప్పేసుకుంది. ఇంకేం, ఏకగ్రీవం" అన్నాడు తమ్ముడు. చప్పట్లు కొట్టారు.

వంటింట్లో గ్లాసు కడుగుతుంటే చెల్లెలు వచ్చింది.

"నువ్వెందుకెత్తావే అక్కా?"

"ఎవరైనా దించుతారేమో చూద్దామని."

"నేను అనబోయాను…"

"అనబోయావులే."

అది ఏడ్చింది. నేను ఓదార్చాను. ఆ పని కూడా నా నెత్తినే పడింది. అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడి, "నీకా ఎండ పడదులేమ్మా. నీళ్లు కూడా తాగకూడదాయె" అంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడగలేదు, నిజమే. కానీ ఒక్కళ్లు తగ్గినా రానని తనంతట తానే కదా అంది! సూదులకు అలవాటుపడిన ఒళ్లు నాది. ఆ మాటకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. మొహం కడుక్కునే నెపంతో కొళాయి విప్పాను.

దీవిలోని సిస్టరుకు రావడం లేదని రాశాను. "మీకు ఒంట్లో బాగానే ఉందా?" అని వెంటనే రాసింది. నేను రాకపోవడం గురించి ఆ మాట అడిగింది ఆవిడ ఒక్కతే.

ప్లానింగు మాత్రం నాకే ఉంచారు. ఎవరు ఎవరి పక్కన, ఏ ఓడ, ఏ గేటు అన్నీ నేనే చూశాను. సగంలో వదిలేస్తే అలిగానంటారు. అలిగాను కూడా. అయినా చార్టు తప్పుగా వెయ్యడం నాకు చేతకాదు.

వాళ్లు ఓడెక్కిన రోజు నేను మిషన్ మీదున్నాను. తమ్ముడు వీడియో కాల్ చేశాడు.

"ఓడ ఆగిందక్కా. దిగాలా?"

"వద్దు. అది పెద్ద దీవి. మీది తర్వాతది."

వాడు ఫోను తిప్పి చూపించాడు. రేవు, పడవలు, మెట్లు మెట్లుగా ఇళ్లు. గట్టు మీద ఎర్ర ప్లస్ గుర్తున్న పొడవాటి భవనం. రేవు వైపు వరసగా కిటికీలు. నాది ఏదై ఉంటుందా అని చూశాను. ఎండకు అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి.

"ఇదీ బాగుందే" అన్నాడు. "ఇక్కడే దిగిపోతే సరిపోయేది. పిల్లలు ఒకటే వాంతులు. ఇంత మంచి చోటుందని మాకెవరూ చెప్పలేదే."

నా పక్కన మిషన్ తిరుగుతూనే ఉంది. వాడి వెనకాల అమ్మ కొత్త టోపీ పెట్టుకుని సముద్రం చూస్తోంది.

"కంగారులో ఎవరైనా దిగిపోతారు. అందరూ ఉన్నారో లేదో లెక్కపెట్టు" అన్నాను.

వాడు వేలు చూపిస్తూ, పెదవులు కదుపుతూ, ఒక్కొక్కళ్లనే లెక్కపెట్టాడు.

"ఉన్నామక్కా. అందరం ఉన్నాం."