బంతి ఎక్కడికి జరుపుతారు

మార్క్వెల్ మోకాలు విరిగిన చప్పుడు ముందు వరసలో అందరికీ వినపడింది. పక్కనే ఉన్న ఎజ్రాకి మాత్రం ఎండిన చెరుకుగడ విరిచినట్టు వినపడింది. వాళ్ల నాన్న లూసియానా చెరుకు తోటల్లో ట్రాక్టరు నడుపుతాడు. ఆ చప్పుడు వింటూ పెరిగాడు వాడు.

మార్క్వెల్ గడ్డిని పిడికిట పట్టుకుని అరుస్తున్నాడు. ఎజ్రా హెల్మెట్ తీసి వాడి పక్కన కూర్చోబోయాడు.

"జరగండి!" కోచ్ హాలింగర్ కేకేశాడు. "బంతి అటు జరపండి. టైం పాడు చెయ్యొద్దు!"

అమెరికన్ ఫుట్‌బాల్ అంటేనే గుద్దుకునే ఆట. ప్రాక్టీసులో ఎవడు పడ్డా అంతే. పడ్డవాణ్ణి పడ్డచోటే వదిలేసి, బంతిని నాలుగు బారలు అవతల పెట్టి, మళ్లీ గుద్దుకోవాలి. పడ్డవాణ్ణి డాక్టరు చూసుకుంటాడు. ఎజ్రా కూడా అందరితోపాటు జరిగాడు. ఎదుటివాడి రొమ్ముకి భుజం ఆనించి తోస్తూ, వెనక మార్క్వెల్ ఏడుపు విన్నాడు.

మార్క్వెల్ ముఖం ఊళ్లో అందరికీ తెలుసు. హైవే పక్కన పెద్ద బోర్డు మీద కోడి వేపుడు బుట్ట పట్టుకుని నవ్వుతుంటాడు. కాలేజీ జట్టు అభిమానుల్లో డబ్బున్నవాళ్లు కలిసి ఒక కంపెనీ పెట్టారు. ఆటగాళ్ల పేర్లూ ముఖాలూ అదే కొంటుంది. ఆటకి జీతం ఇవ్వకూడదుట. ముఖానికి ఇవ్వొచ్చుట.

మార్క్వెల్ కర్రల మీద నడవడం మొదలుపెట్టగానే కంపెనీ లాయరు కబురు పెట్టింది. తోడుగా ఎజ్రా వెళ్లాడు. కాలేజీ లాయరు కూడా అక్కడే కూర్చున్నాడు.

"నువ్వు ఆడటం లేదు కాబట్టి ఒప్పందం ఆగిపోయింది బాబూ," అందామె మెత్తగా.

"మీరు కొన్నది ముఖాన్నే అన్నారు కదా మేడం," అన్నాడు ఎజ్రా. "విరిగింది మోకాలు. ముఖం బాగానే ఉంది, చూడండి."

మార్క్వెల్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె నవ్వలేదు. "మైదానంలో కనిపించే ముఖాన్ని కొన్నాం. సంతకం చేసేటప్పుడు చదువుకోవాల్సింది."

"మరి ఆ బోర్డు?"

"ఆ బొమ్మ కంపెనీది. అది ఉంటుంది."

ఎజ్రా కాలేజీ లాయరు వైపు తిరిగాడు. "మైదానంలో గడ్డి కోసే పెద్దాయన వేలు తెగితే ఏమిస్తారు సార్?"

"అతను పనివాడు. నయమయ్యేదాకా ఖర్చులు, నష్టపరిహారం, అన్నీ ఉంటాయి."

"అదే గడ్డి మీద కాలు విరిగినవాడికి?"

"మార్క్వెల్ విద్యార్థి. ఆపరేషన్ చేయించాం. ఏడాది చివరిదాకా సీటు ఉంచుతాం. చట్టం అంతే."

బయటికొచ్చాక మార్క్వెల్ అన్నాడు: "డాక్టరు ఇంకో ఆపరేషన్ కావాలన్నాడు రా. లేకపోతే ఈ కాలు ఇంక వంగదట."

ముందు వరస వాళ్లు బట్టలుతికే గదిలో కలుసుకున్నారు. మిషన్ల మోతలో మాటలు బయటికి పోవు.

"అడగాల్సింది ఒక్కటే," అన్నాడు ఎజ్రా. "వాడి కాలు బాగుచెయ్యాలి. గడ్డి కోసేవాడికి ఉన్న హక్కు మనకీ ఉండాలి. ఇచ్చేదాకా ఆడం."

"ఆడనంటే ఇంకొకణ్ణి తెస్తారు," అన్నాడు గ్రేడన్. ముందు వరస వెనక నిలబడి బంతి విసిరేది వాడే. వాడి ముఖం అన్నిటికన్నా ఎక్కువకి అమ్ముడుపోయింది. "నోర్మూసుకుని ఆడితే నీకూ బోర్డు పడుతుంది కదరా."

"ఏం వేపుడు పట్టుకుని? కోడా, చేపా?" అన్నాడు కోల్బీ. వాడు సొంతంగా ఫీజు కట్టుకుని మరీ జట్టులో ఉన్న బదులు ఆటగాడు. "నా ముఖం ఊరికే ఇస్తానన్నా ఎవడూ తీసుకోలేదు."

అందరూ నవ్వారు. గ్రేడన్ లేచి వెళ్లిపోయాడు.

"ఆడకపోతే బెంచీ మీద కూర్చోబెడతారు," అన్నాడు సియోనె. టోంగా దీవులనుంచి వచ్చిన కుటుంబం. వాడికొచ్చే డబ్బుతోనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. "మైదానంలోకి దిగి చెయ్యాలి, ఏం చేసినా."

"పడుకుందాం," అన్నాడు ఎజ్రా. "ప్రాక్టీసులో బంతి జరుపుతారు. పోటీలో జరపలేరు. పడ్డవాడు లేస్తేనే ఆట. ఒకడి తరవాత ఒకడు, మార్క్వెల్‌లా మోకాలు పట్టుకుని పడుకుందాం."

ఒక్కొక్కరే చెయ్యి కలిపారు.

పోటీకి ముందు సాయంత్రం జట్టంతా ప్రార్థనకి కూర్చుంటుంది. ఎవరి మనసులో బరువు వాళ్లు పాస్టర్‌కి చెప్పుకుంటారు. పాస్టర్ లైల్‌కి జీతమిచ్చేది కంపెనీయే అని ఎజ్రాకి తెలుసు. కానీ అమ్మ ఒళ్లో కూర్చుని నేర్చుకున్న ప్రార్థనలో ఏదీ దాచడం వాడికి చేతకాదు.

"రేపు మేమొక పని చెయ్యబోతున్నాం పాస్టర్ గారూ," అన్నాడు కళ్లు మూసుకునే. "భయపడకుండా ఉండేలా ప్రార్థించండి."

పాస్టర్ వాడి తలమీద చెయ్యి పెట్టి, ఏం పని అని అడిగాడు. ఎజ్రా చెప్పాడు.

తెల్లారి కోచ్ ఒక్కొక్కణ్ణీ విడిగా పిలిచాడు. సియోనె కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. "మా అమ్మకి ఫోన్ చేసి మాట్లాడాడు రా," అన్నాడు. మిగతావాళ్లు ఎజ్రా వైపే చూడలేదు. ఎజ్రాని మాత్రం పిలవలేదు. వరసలో ఎడమ చివర గట్టిగా నిలబడగలిగేవాడు జట్టులో వాడొక్కడే. ఒక్కడేం చేస్తాడులే అనుకున్నారు.

స్టేడియం నిండిపోయింది. మొదటిసారి గుద్దుకోగానే ఎజ్రా మోకాలు పట్టుకుని పడుకున్నాడు.

విజిల్ పడింది. ఎవరైనా పడితే రెండు జట్లూ ఒంటిమోకాలి మీద కూర్చోవడం అలవాటు. అందరూ కూర్చున్నారు. జనం నిశ్శబ్దమైపోయారు. డాక్టరు కాలు తడిమి చూసి, లేచి, ఏ దెబ్బా లేదని కోచ్ వైపు తల అడ్డంగా ఊపాడు.

"లే రా," అన్నాడు సియోనె, తల ఎత్తకుండా. "నీ కాళ్లు పట్టుకుంటా, లే. పరువు తియ్యకు."

ఎదుటి జట్టువాడొకడు, ఇందాక వాణ్ణి గుద్దినవాడే, వంగి అడిగాడు. "ఎక్కడ తగిలింది అన్నా?"

"నాక్కాదు. మా మార్క్వెల్‌కి. కాలు విరిగితే వదిలేశారు."

వాడు తన జట్టు వైపు ఒకసారి చూశాడు. "మా దగ్గర అలా వదిలేసినవాడి పేరు డార్నెల్," అన్నాడు.

పోలీసులు ఎజ్రా చంకల కింద చేతులేసి లేపారు. వాడు కావాలనే పడుకున్నాడని జనానికి అప్పుడర్థమైంది. తాగిన గ్లాసులు విసిరారు. "తిన్నింటి వాసాలు లెక్కపెడతావా," అని ఒక ముసలాయన ఉమ్మేశాడు. ఇక చదువు లేదు, ఆట లేదు, మార్క్వెల్‌కి రెండో ఆపరేషన్ లేదు. మైదానంలోంచి బయటికి పోయే సొరంగం దాకా నడిచేలోపే ఎజ్రాకి అంతా తెలిసిపోయింది. వెనక జనం చప్పట్లు కొట్టారు. వాడి చోట్లోకి కోల్బీని పంపారు. ఆట మొదలైంది.

అంతలోనే చప్పట్లు తెగిపోయాయి.

ఎజ్రా మెడ తిప్పి చూశాడు. కోల్బీ మోకాలు పట్టుకుని పడున్నాడు. వాడికెదురుగా, ఇందాక డార్నెల్ పేరు చెప్పిన అవతలి జట్టువాడూ పడున్నాడు. వాళ్ల చుట్టూ మిగతావాళ్లు ఒంటిమోకాలి మీద కూర్చున్నారు. సియోనె కూర్చోలేదు, పడుకోలేదు. వాళ్ల మధ్య నిలబడి ఏడుస్తున్నాడు.

"జరపండి!" గీత అవతలనుంచి కోచ్ అరుస్తున్నాడు, ఇది ప్రాక్టీసు కాదని మరిచిపోయి. "బంతి జరపండి!"

బంతి అక్కడే ఉంది.