పటాలం గోడ మీద ఊత

భోపాల్‌పట్నంలో కిరాణా కొట్టు బోర్డులైనా, ఎన్నికల గుర్తులైనా రామనర్సయ్య కుంచెకే పని. ఇప్పుడు తర్లగూడ రోడ్డు మీది క్యాంపు గోడకు పటాలం చరిత్ర రాస్తున్నాడు. ఏ ఏట పుట్టింది, ఏ కొండల్లో కాపలా కాసింది, ఎన్ని పతకాలు తెచ్చుకుంది, అంతా హిందీలో ఒక కాగితం మీద రాసిచ్చారు. రేపు పటాలం పుట్టినరోజు. పెద్దసారు వచ్చి ఈ గోడ ముందే ఫొటో దిగుతాడు.

పన్నెండు వరుసలు గబగబా అయ్యాయి. పదమూడో వరుస దగ్గర పొద్దుటి నుంచీ కుంచె కదలడం లేదు. వాగు ఒడ్డున ఎదురుకాల్పులు, సాయుధులు ఇద్దరు హతం.

ఆ ఇద్దరిలో ఒకడు మాసా. నాలుగేళ్లయింది. ఇక్కడి ఊళ్లల్లో మనిషి పోతే రాయి నిలిపి, బతికుండగా చేతబట్టినవన్నీ దాని మీద బొమ్మలు గీయిస్తారు. ఆ రాళ్లకు రంగులేసేదీ రామనర్సయ్యే. మాసా రాయి మీద తల్లి ముయె గీయించింది ఒక సైకిలు, ఒక కోడిపుంజు, చేపలు పట్టే వెదురు ఊత. ఇంకేమన్నా గీయాల్నా అవ్వా అంటే, "లేంది గీస్తే వాడు కుదురుగ పండుకోడు బిడ్డా. ఊత పట్టుకొని పోయిండు, ఊతతోనే పడ్డడు" అంది.

రేపు సంత కూడా. చింతపండు గంప నెత్తిన పెట్టుకుని ముయె ఈ గోడ పక్కనుంచే పోతుంది. చదువు రాదు. కానీ కొత్త రంగు కనపడితే ఆగుతుంది, ఏం రాసినవని అడుగుతుంది.

రామనర్సయ్య నిచ్చెన దిగి బీడీ ముట్టించాడు, పారేశాడు, మళ్లీ ఎక్కాడు.

"ఏటి పెయింటరూ, గోడకి నువ్వు కాపలా కాస్తన్నావా?" హవల్దారు భీమశంకరం వచ్చాడు. శ్రీకాకుళం మనిషి. పదహారేళ్లుగా ఈ పటాలంలోనే ఉన్నాడు.

"ఈ లైను విడిచిపెడ్త సార్."

"పైనుంచొచ్చిన కాగితమది. నీ తాతది కాదు, నా తాతదీ కాదు. రాసీ."

"ఆ పిలగాని రాయి నేనే గీసిన. ఆడొకటి, ఈడొకటి ఎట్ల రాయాలె?"

భీమశంకరం గేటు వైపు మొహం తిప్పుకున్నాడు. "నాకు పిల్లలున్నారు. నీకూ ఉన్నారు. పొద్దోయేలోగా అయిపోవాల."

రామనర్సయ్య రాశాడు, ఒక్క అక్షరం తప్పకుండా. తర్వాత సన్న కుంచె తీసి, ఆ వరుస చివర జానెడు కూడా లేని ఊత గీశాడు. ముయె అడిగితే అదే చూపిస్తాడు.

పొద్దు వాలుతుండగా భీమశంకరం మళ్లీ వచ్చాడు. చదువుకుంటూ పోయి ఆ చివర ఆగాడు.

"ఏటది?"

"డిజైను సార్."

"మిగతా లైన్లకి లేదేటి డిజైను?"

రామనర్సయ్య కిరసనాయిలు గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. తుడవమంటే తుడవాల్సిందే. భీమశంకరం రెండడుగులు పోయాడు, వెనక్కి వచ్చాడు. గేటు దగ్గర సెంట్రీ ఇటే చూస్తున్నాడు.

"పెద్దసారు అడిగితే ఏటి సెప్తావు?"

"మీరే చెప్పాలె సార్. ఆ దినం వాగుకాడ మీరున్నరట గద."

హవల్దారు సెంట్రీకి వీపు తిప్పి నిలబడ్డాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"ఒకటే గీసావేటి? ఆవేళ రెండున్నాయి."