తెరకు కట్టిన గంట

అత్తాకోడళ్ళు ఒకే ఇంట్లో కాపురం చేయడమే కత్తి మీద సాము. ఒకే ఆఫీసులో ఉద్యోగం కూడా అంటే ఇక చెప్పేదేముంది! బండ్ల విడిభాగాల గోడౌన్‌లో అత్తగారు ఆపరేటరు. డీలర్లు ఫోన్లో ఆర్డర్లు చెబుతుంటే విని టైపు చేయడం ఆవిడ పని. ఆ ఆర్డర్ల స్క్రీను కోబాల్ అనే పాతకాలపు కంప్యూటరు భాషలో రాసేది కోడలు. ఏ గడి ఎక్కడ కనిపించాలో, కర్సరు ఏ గడిలోంచి ఏ గడిలోకి పోవాలో అన్నీ ఆ అమ్మాయే చూసుకుంటుంది. భర్త పోయాక కొడుకును ఈ కుర్చీలో కూర్చునే పెంచిన మనిషి కాబట్టి, అత్తగారికి ఆ సీటంటే ప్రాణం.

అడ్రసు అట్టడుగున ఉంటే కుదరదు, పైకి తెమ్మన్నాడు మేనేజరు. కోడలు కొత్త స్క్రీను రాసింది. ట్రయల్ రోజున మిగతా ఆపరేటర్లు తడుముకుంటూనే గట్టెక్కారు. అత్తగారు మాత్రం పార్టు నంబరు తీసుకెళ్ళి అడ్రసు గడిలో, ఎన్ని కావాలో ఆ సంఖ్యను పార్టు నంబరు గడిలో కొట్టుకుంటూ పోయింది. కింది వరసలో 'ఈ నంబరు లేదు' అని మెసేజీ వచ్చినా ఆవిడ వేళ్ళు ఆగలేదు.

"సోమవారం మళ్ళీ చూస్తానమ్మా. అప్పటికీ చేతకాకపోతే లేబుళ్ళు అంటించే పనికి వెళ్ళాలి," అని మేనేజరు మొహం మీదే చెప్పేశాడు.

కోడలికి ఒళ్ళు మండింది. నలుగురిలో తన పరువు తీయడానికే అత్తగారు ఇదంతా చేసిందనుకుంది. అందరూ భోజనాలకు లేచాక, కడిగేద్దామనే వెళ్ళింది.

"ఆ కింది వరసలో ఏముందో ఒకసారి చదవండి అత్తయ్యా."

"ఏముంటుంది? మామూలే. ఆర్డరు చేరిందని."

'ఈ నంబరు లేదు' అన్న అక్షరాలు ఇంకా అక్కడే మెరుస్తున్నాయి. అత్తగారి చూపు తెర మీద కాదు, తెరకు కాస్త పక్కన ఉంది. కోడలి కోపం అక్కడికక్కడే చల్లారిపోయింది. ఇంతకాలం ఆవిడ చూసి కొట్టడం లేదు, అలవాటైన వరసలో గుడ్డిగా కొట్టుకుపోతోంది. ఒకే కప్పు కింద ఉంటూ ఆ సంగతి గమనించనందుకు తన మీద తనకే సిగ్గేసింది.

వెళ్ళి తన సీట్లో కూర్చుని స్క్రీను మళ్ళీ రాసింది. గడులు కనిపించే చోటు వేరు, కర్సరు తిరిగే వరస వేరు. అందుకని గడులను మేనేజరు అడిగిన చోటే ఉంచి, కర్సరును మాత్రం పాత దారినే నడిపింది. ఎవరూ అడగని ఇంకో పని కూడా చేసింది. తప్పు నంబరు పడితే గంట మోగేలా పెట్టింది.

సోమవారం "కర్సరు కోతిలా గెంతుతోందేంటి?" అని మేనేజరు నవ్వాడు.

"చేతులకు అలవాటైన వరస సార్."

ఆ పూట గదంతా ఒకటే గంటలు. ఎవరి బండారం ఎంతో అందరికీ తెలిసిపోయింది. అత్తగారి మిషను ఒక్కసారి మోగింది. ఆవిడ చటుక్కున ఆగి, వెనక్కి వెళ్ళి దిద్దుకుంది. లేబుళ్ళ మాట మేనేజరు మళ్ళీ ఎత్తలేదు.

ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆ వారంలోనే గోడౌన్‌కు ఒక పెట్టె తిరిగొచ్చింది. చిన్న కారు బ్రేకులు అడిగిన డీలరుకు లారీ బ్రేకులు వెళ్ళాయి. ఆర్డరు కొట్టింది అత్తగారే.

సాయంత్రం బస్టాపులో ఆవిడే నోరు విప్పింది. "ఆ గంట నాకోసమే కదమ్మాయ్?"

కోడలు తలదించుకుంది. "అవునత్తయ్యా."

"మరి ఇప్పుడెందుకు మోగలేదు?"

"మీరు కొట్టిన నంబరుతో ఇంకో పార్టు ఉంది. లేని నంబరైతేనే మోగుతుంది. ఉన్నదాంట్లో తప్పు పట్టడం మనిషి కంటి పని. అంతకుమించి నా చేతిలో లేదు."

అత్తగారు అసలు సంగతి బయటపెట్టింది. "శుక్లాలట. ఆపరేషన్ చెయ్యాలన్నారు. కట్టుకట్టుకుని నేను ఇంట్లో కూర్చుంటే నా సీట్లో ఇంకొకర్ని కూర్చోబెట్టేస్తారు. అందుకే దాచాను."

"ఇంకొకరెందుకు? నేను కూర్చుంటాను."

"నువ్వా?" అంటూ కళ్ళు తుడుచుకుంది అత్తగారు. తుడుచుకుంటూనే నవ్వింది. "సరే అయితే, చేయించుకుంటాను."

మేనేజరుకు అన్నీ చెప్పి ఒప్పించి, కోడలు అన్నంత పనీ చేసింది. రాసిన స్క్రీనే కదా, మంచినీళ్ళు తాగినంత సులువనుకుంది. తీరా కూర్చున్నాక పొద్దున్నుంచి గంట మోగుతూనే ఉంది. పక్క సీట్లవాళ్ళు నవ్వాపుకోలేక చస్తున్నారు. మధ్యాహ్నం అత్తగారి ఫోన్ వచ్చింది. కంటికి కట్టు, గొంతులో హుషారు.

"ఆపరేషన్ బాగా జరిగిందటమ్మాయ్. అక్కడ పనెలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందత్తయ్యా," అందో లేదో, గంట మోగింది. ఆ వెంటనే ఇంకోసారి.

అటువైపు అత్తగారు పక్కనున్న కొడుకుతో అంటున్న మాటలు స్పష్టంగా వినిపించాయి. "ఒరేయ్, ఈ కట్టు ఎప్పుడు విప్పుతారో కాస్త కనుక్కురా. పిల్ల అక్కడ ఒక్కతే అవస్థ పడుతోంది."